ఖాళీ పల్లకీ బరువు

రోక్కమూటా,
ఫిబ్రవరి 3, 1958.

అక్క ఎర్సీలియాకి తమ్ముడు ఓరెస్తే రాయునది.

మేమిక్కడ క్షేమం. మేమంటే నేనూ, గాడిదా. ఊళ్ళో మిగతావాళ్ళ సంగతి నువ్వడిగితే రాస్తాను. అడక్కపోయినా రాస్తాను, నా సంగతి నీకు తెలిసిందే కదా.

నీ వంటింటి పొగ నా క్షవరాల దుకాణం గుమ్మంలోంచి రోజూ కనిపిస్తుంది. నీకు రాసిన ఉత్తరం మాత్రం బస్సెక్కి కిందికి దిగి, పట్నం వెళ్ళి, ముద్ర వేయించుకుని, మళ్ళీ బస్సెక్కి మీ కొండెక్కాలి. లోయ దాటితే చాలు గానీ దాటేవాడేడీ? రోక్కమూటా వాడు ఫొంటెకూపాలో అడుగు పెట్టడు, ఫొంటెకూపా వాడు ఇక్కడికి రాడు. నూట నలభై ఏళ్ళుగా ఇదే వరస.

అసలు సంగతికి వస్తాను. బిషప్పు గారి దగ్గర్నుంచి కాగితం వచ్చింది. గెరార్దో గడ్డం గీస్తూ పైకి చదివాను. సగం గడ్డంతో లేచి నిలబడ్డాడు. కాగితంలో ఉన్నది ఇది: రోక్కమూటా గుడిలో పునీతుడి విగ్రహం లేదు. ఖాళీ గూడు ముందు దీపం పెట్టడం, పండగనాడు ఖాళీ పల్లకీ ఊరేగించడం కార్యం కిందికి రావు. ఏటా ఒక్క కార్యమైనా జరగని గుడిని తెరిచి ఉంచడం కుదరదు. కాబట్టి సెప్టెంబరు పండగ కాగానే గుడికి తాళం పడుతుంది, పక్కనున్న శ్మశానానికీ పడుతుంది. గంట దింపి ఫొంటెకూపా గోపురానికి ఎక్కిస్తారు.

గంట, అక్కా! పునీతుణ్ణి తీసుకున్నది చాలక!

ఖాళీ పల్లకీ కార్యం కాదంటున్నారురా అంటే గెరార్దో ఏమన్నాడో విను. "ఖాళీదా? ఆ బిషప్పుని వచ్చి ఓ కొమ్ము భుజానికెత్తుకోమను! పోయినేడు మోసి వారం రోజులు మంచం దిగలేదు నేను." నిజమే. ఎనిమిది మంది మోస్తారు, ఎనిమిది మందీ మూలుగుతారు. మూలగకుండా మోసినవాడికి ఈ ఊళ్ళో పిల్లనివ్వరు.

అందుకని మన ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టాను. పునీతుడు సాన్ తుల్లియానో మనవాడేనని రుజువు చేస్తే ఆయన్ని మనకి ఇప్పించక తప్పదు. మొదటి రెండు అధ్యాయాలు అయిపోయాయి. మన ఊరు రోము కంటే వందేళ్ళు పెద్దది. ఈ సంగతి రోముకి తెలియదు. తర్వాత ఏనుగులతో దండెత్తి వచ్చిన ఆఫ్రికా సేనాని మన లోయలోంచే వెళ్ళాడు. తలెత్తి ఊరి వైపు చూశాడు, ఎక్కడానికి ఓపిక లేక తన దారిన తను పోయాడు. దీన్ని మన పూర్వీకులు గెలుపు కింద జమ వేసుకున్నారు, నేనూ అలాగే రాశాను.

పునీతుడి దగ్గర ఆగిపోయాను. కరువులో మీ ఊరి పెద్దలు వచ్చి కాళ్ళావేళ్ళా పడితే వాన కోసమని మనవాళ్ళు ఆయన్ని అరువిచ్చారు. తాకట్టుగా ఆయన ఎడమ చెయ్యి ఊడదీసి మన దగ్గర ఉంచుకున్నారు. వాన పడింది, పునీతుడు తిరిగి రాలేదు. చెయ్యి ఇవాళ్టికీ మన గుడిలో గాజు పెట్టెలో ఉంది. మీ ఊరివాళ్ళేమో చెయ్యి తీయడమంతా కట్టుకథ, ఆయన వినయం కొద్దీ ఎడమ చెయ్యి అంగీలో దాచుకున్నాడు అంటారు.

ఆయనకి బట్టలు కట్టే మిరాసీ నీది. తలుపులు మూసుకుని, ఒక్కదానివే కడతావు. ఆ అంగీ కింద ఏముందో బతికున్నవాళ్ళలో నీకొక్కదానికే తెలుసు. ఒక్క మాట రాయి. ఎడమ చెయ్యి ఉందా, లేదా?

నీ తమ్ముడు
ఓరెస్తే

*

ఫొంటెకూపా,
ఫిబ్రవరి 17.

ఓరెస్తేకి,

ఉత్తరం అందింది. పోస్టాఫీసు ఆవిడ విప్పి చదివి మళ్ళీ అంటించింది. జిగురు ఎక్కువైంది. ఇకమీదట చివర్లో ఆవిడకీ ఒక నమస్కారం రాయి, సంతోషిస్తుంది.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కోళ్ళు గుడ్లు మానేశాయి. ఎలుకలు మాత్రం ఏ పనీ మానలేదు, ఉన్న పొట్టు అంతా తినేశాయి. ఇంకో సంచీ కొన్నాను. చీపురు కర్ర ఒకటి పుచ్చిపోయింది, మార్చాలి. ఇక్కడ గట్టి కర్ర దొరకడం లేదు. మన అడవిలో కర్ర బాగుండేది.

గంట వస్తుందని ఇక్కడ సంబరపడుతున్నారు. నేను పడలేదు.

నువ్వడిగింది చెప్పను. మా అత్తగారు కొర్నేలియా మిరాసీ నాకప్పగించేముందు రొట్టెల పొయ్యి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. పొయ్యి వేడిగానే ఉంది. అంగీ కింద చూసింది నా తర్వాత మిరాసీ తీసుకునేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియకూడదు. వాళ్ళకీ నోటితో చెప్పకూడదు, వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూసుకోవాలి. ఫాదరీ ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా నేనిది ఎత్తను.

మొన్న ఫాదరీ దోన్ ఎవరిస్తో సణిగాడు. "బట్టలు మార్చాలంటే ప్రతిసారీ ఆయన్ని మోసుకుని మీ వీధి గుడికి రావాలా? మీరే పెద్దగుడికి రాకూడదామ్మా?" అన్నాడు. మిరాసీదారు పునీతుడి దగ్గరికి పోకూడదు, పునీతుడే మిరాసీదారు గుడికి రావాలి, ఆచారం అది అన్నాను. నీ దుకాణం సంగతీ అంతేగా. గడ్డాలే నీ దగ్గరికి వస్తాయి గానీ నువ్వు గడ్డాల దగ్గరికి పోతావా?

మన ఊరు రోము కంటే వందేళ్ళు పెద్దదని రాశావు. నాన్న రెండు వందలనేవాడు. నీ చేతిలో పడి ఊరు చిన్నదవుతోంది.

ఎర్సీలియా

*

రోక్కమూటా,
మార్చి 4.

అక్కా,

నేను చెయ్యి గురించి అడిగితే నువ్వు కోళ్ళ గురించి రాశావు. ఊరు పోతోంది మొర్రో అంటే చీపురు కర్ర పుచ్చిపోయిందంటావు. సరేలే. యాభై ఏళ్ళు ఆ ఊరి నీళ్ళు తాగావు, ఆ ఊరి మనిషివే అయిపోయావు. నువ్వు లేచిపోయిన రోజే నాన్న ఈ మాటన్నాడు, నేనే నమ్మలేదు.

నాన్న ఆ రోజు గుమ్మంలో నిలబడి లోయ దద్దరిల్లేలా అరిచింది నీకు గుర్తుందో లేదో. "ఆ పునీతుడు తిరిగొచ్చిన రోజున నువ్వూ రా! అంతదాకా ఈ గడప తొక్కావో, ఖబడ్దార్!" అన్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికాడు, నీ పేరెత్తలేదు. పునీతుడి పేరు మాత్రం రోజూ ఎత్తేవాడు. నాకు తెలిసి రెండూ ఒకటే.

గెరార్దో మిగతా సగం గడ్డం గీయించుకోనంటున్నాడు. గుడి సంగతి తేలాకేనట. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప పొదలా ఉంది. సంతలో అతన్ని చూసి గుర్రాలు బెదిరాయి.

దాచడం ఎందుకు, నాకు భయంగా ఉంది. అమ్మా, నాన్నా, నా లిద్వినా ఆ గుడి గోడ పక్కనే ఉన్నారు. లిద్వినా పక్కన నాకూ చోటుంచాను. పొద్దున్నే వెళ్ళి ఆ చోట్లో గడ్డి పీకి వస్తుంటాను. తాళం పడ్డాక నేను పోతే నన్ను మోసుకెళ్ళి మీ ఊళ్ళో పెడతారు. బతికుండగా అడుగు పెట్టని ఊళ్ళో చచ్చాక కాపురం. లిద్వినా ఇక్కడ, నేనక్కడ, మధ్యలో లోయ. ఆవిడకి నేను లేకపోతే తోచదు. విసుక్కోవడానికైనా ఎవరో ఒకరు కావాలి కదా.

ఉందా, లేదా? ఒక్క మాట.

ఓరెస్తే

పోస్టాఫీసు ఆవిడకి నమస్కారం.

*

ఫొంటెకూపా,
మార్చి 20.

ఓరెస్తేకి,

నాన్న అరిచింది గుర్తుంది. అప్పుడు నేనూ మా ఆయన సబీనో ఇక్కడి గుడి మెట్ల మీద ఉన్నాం. అప్పటి ఫాదరీ ఉంగరాలు చేతిలో పట్టుకుని, "ఎవరో పిలుస్తున్నట్టున్నారే?" అన్నాడు. మమ్మల్ని కాదు, కానివ్వండి అన్నాను.

మాటలు మాత్రం సరిగ్గా గుర్తులేవు. ఇన్నేళ్ళూ 'ఈ గడప తొక్కకు' అన్నదొక్కటే నా చెవిలో ఉంది. ముందు మాట నువ్వు రాస్తే తెలిసింది. మంచి పని చేశావు. నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పుడు చెప్పను, జిగురు ఇంకా ఆరలేదు.

నాకు డెబ్భై దాటబోతున్నాయి. మిరాసీ ఇంకొకరికి అప్పగించాలి. పిల్లలు లేరు. ఈ ఊరి ఆడవాళ్ళని ముగ్గురిని ఒకరి తర్వాత ఒకరిని పిలిచి కూచోబెట్టాను. ముగ్గురూ కాఫీ అయినా తాగకుండా "లోపల ఏముంది పెద్దమ్మా?" అనే అడిగారు. పంపేశాను. కాఫీ నేనే తాగాను.

నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వొక గుట్టు దాచగలవా?

ఎర్సీలియా

*

రోక్కమూటా,
ఏప్రిల్ 2.

అక్కా,

నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. దాచలేను.

గెరార్దో పెళ్ళానికి కవలలని డాక్టరు చెప్పిన కబురు గెరార్దో కంటే ముందు ఊరందరికీ తెలిసింది. అది నా దుకాణంలోంచే వెళ్ళింది. గెరార్దో కూడా క్షవరానికి వచ్చే తెలుసుకున్నాడు. కమ్మరి రెండో పెళ్ళి, మేయరు గారి పెట్టుడు జుట్టు, అన్నీ నా పుణ్యమే. నా నోట్లో నువ్వుగింజ నానదు. కత్తి గొంతు మీద ఉంటే మనిషి నోరు మూసుకుంటాడు, నాది తెరుచుకుంటుంది. వృత్తి ధర్మం అనుకో.

చరిత్రలో ప్లేగు దాకా వచ్చాను. ఎంతమంది పోయారో తెలియదు, లెక్క రాసేవాడు కూడా పోయాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు మనల్ని ఒక ప్రభువు ఏలాడు. ఆయన, ఆయన కొడుకు, మనవడు, ఎవరూ ఒక్కసారి కూడా ఇటు రాలేదు. అందుకని ఆ కాలానికి 'సుపరిపాలన' అని పేరు పెట్టాను.

ఎందుకడిగావు?

ఓరెస్తే

పోస్టాఫీసు ఆవిడకి నమస్కారం. మేయరు గారి జుట్టు సంగతి ఆవిడ కడుపులో పెట్టుకోవాలి.

*

ఫొంటెకూపా,
ఏప్రిల్ 19.

ఓరెస్తేకి,

నువ్వుగింజ సంగతి నాకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు.

నేను వచ్చేసిన రోజు తెల్లవారుతుండగా మూట పట్టుకుని గొళ్ళెం తీశాను. వెనక్కి తిరిగితే నువ్వున్నావు. పదేళ్ళవాడివి, చొక్కా తిరగేసి తొడుక్కున్నావు. ఎక్కడికి అని అడగలేదు. నాన్నని లేపలేదు. నేను మెట్లు దిగుతుంటే తలుపు చప్పుడవకుండా మూశావు. పొద్దున నాన్న బెల్టు తీశాడనీ, మా పెళ్ళి గంట లోయలో వినబడేదాకా నువ్వు పెదవి విప్పలేదనీ తర్వాత సంతలో ఎవరో చెప్పారు. నువ్వు నోరు తెరిచుంటే నన్ను వంతెన మీదే పట్టుకునేవారు.

నీ నోట్లో ఒక్క గింజ నానింది. నాకదే చాలు.

అందుకని నా తర్వాత పునీతుడికి బట్టలు కట్టే మనిషివి నువ్వే. ఆడదే అయ్యుండాలని ఆచారంలో లేదు. మగవాడు అడుగుతాడని ఎవరూ అనుకోక ఆ ముక్క పెట్టలేదు. ముందు ఒట్టు, తర్వాత చూపు. చూశాక నీ చరిత్రలో రాయకూడదు. బిషప్పుకి చెప్పకూడదు. ఎడమ చెయ్యి ఉన్నా అంతే, లేకపోయినా అంతే. నీ రుజువు నీ కళ్ళెదుటే ఉంటుంది, నువ్వు వాడుకోలేవు.

తొందరపడి కాదనకు. పునీతుడే మిరాసీదారు గుడికి రావాలని నీకు రాశాను. నీ గుడి ఏది? ఇప్పుడా బిషప్పు కాగితం తీసి మళ్ళీ చదువుకో.

ఊరు కావాలో, ఊరి చరిత్ర కావాలో తేల్చుకో.

ఎర్సీలియా

*

రోక్కమూటా,
మే 6.

అక్కా,

కాగితం మళ్ళీ చదివాను. 'ఏటా ఒక్క కార్యమైనా జరగని గుడి' అని ఉంది. మిరాసీ నాదైతే పునీతుడు బట్టలు మార్చుకోవడానికి ఇక్కడికే రావాలి, మనది జరిగే గుడి అవుతుంది. ఇంత చిన్న ముక్క నాకు తట్టలేదు చూడు, రోము పుట్టుక ముందుదాకా వెళ్ళొచ్చాను.

మూడు రోజులు అన్నం సహించలేదు. చరిత్రలో అన్నీ రాసి ఆ ఒక్క అధ్యాయం ఖాళీగా వదలాలంటే ముక్కు కోసుకుని అద్దం చూసుకున్నట్టుంది. రాయడం మొదలుపెట్టిందే దాని కోసం కదా. నీ మీద కోపం కూడా వచ్చింది. నాలుగో రోజు పొద్దున గడ్డి పీకడానికి వెళ్ళాను. లిద్వినాకి సంగతంతా చెప్పాను. ఆవిడెప్పుడూ నా రాతలు చదవలేదు, నా పక్కన పడుకోవడం మాత్రం మానలేదు. తేలిపోయింది.

రొట్టెల పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. వాడక చాలా రోజులై పొయ్యి చల్లగా ఉంది. వెలిగించి, వేడెక్కనిచ్చి, అప్పుడు పెట్టాను. రెండు రోజులు కత్తి పట్టుకోలేకపోయాను.

ఊళ్ళో మిరాసీ సంగతి మాత్రం చెప్పాను, అది గుట్టు కాదు కదా. వెంటనే తగువు మొదలైంది. పునీతుడు వాళ్ళ పల్లకీలో వస్తాడా, మన పల్లకీలో వస్తాడా? గెరార్దో బల్ల గుద్దాడు. "మన పల్లకీ ఆయన కోసం చేసిందిరా! నూట నలభై ఏళ్ళుగా ఉత్తినే మోసి చస్తున్నామా?" అన్నాడు. సగం గడ్డంతో అంటుంటే కాదనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఓరెస్తే

పోస్టాఫీసు ఆవిడకి నమస్కారం. ఆవిడకి ఈ కథ ఎలా ఉందో అడుగు.

*

ఫొంటెకూపా,
జూన్ 30.

ఓరెస్తేకి,

బాగుందట. చివరికి ఏమవుతుందని అడిగింది.

ఊరి పెద్దల్ని పిలిచి నీ పేరు చెప్పాను. మగవాడా అన్నారు. మంగలివాడా అన్నారు. రోక్కమూటా వాడా అన్నారు. మూడోదానికి కుర్చీలు లేచాయి. దోన్ ఎవరిస్తో నీళ్ళు తాగాడు.

బీరువా తాళం చెవులు బల్ల మీద పెట్టాను. "నేను ముసలిదాన్నయిపోయాను బాబూ. మీలో ఎవరైనా వెళ్ళి ఆయన అంగీ విప్పండి, తాళాలు వాళ్ళకే ఇచ్చేస్తాను" అన్నాను. ఒక్కడూ కదల్లేదు. హక్కు లేనివాడు విప్పితే చేతులు ఎండిపోతాయని, ఆ ఏడు వానలు పోతాయని ఇక్కడ పసిపిల్లకి కూడా తెలుసు. ఆ నమ్మకం మా అత్తగారి అత్తగారు పుట్టించింది. పనికొచ్చింది.

తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. బిషప్పుకి దోన్ ఎవరిస్తో రాశాడు. ఇది పాత ఆచారమే, కార్యం కిందికే వస్తుంది, ఈ సెప్టెంబరు పండక్కి జరిపి చూపిస్తే రోక్కమూటా గుడికి తాళం వెయ్యం అని జవాబు వచ్చింది. జరక్కపోతే మాత్రం వేస్తారు.

పల్లకీ సంగతి. ఆయన మా పల్లకీలోనే వస్తాడు. దించి మీ పల్లకీ ఎక్కిస్తే ఇక్కడ తలకాయలు లేస్తాయి. మీది వంతెన దాకా ఎదురు తెచ్చి, మర్యాదగా ముందు నడిపించండి. ఖాళీగా నడపడం మీకు కొత్త కాదు కదా.

ఇంకొకటి. తాళాలు నా చేత్తోనే నీ చేతికి ఇవ్వాలి, అందుకని ఆయనతో నేనూ బయల్దేరాలి. వంతెన దాకా గాడిద మీద రాగలను. అక్కణ్ణుంచి మన మెట్లు. గాడిదలు ఎక్కవు, నా మోకాళ్ళూ ఎక్కవు. వంతెన మీదే నీకిచ్చి వెనక్కి వచ్చేస్తాను. నాన్న మాట ప్రకారం పైకి రావచ్చు. మోకాళ్ళ మాట ప్రకారం రాలేను.

కింద నిలబడి మన ఇల్లు చూస్తాను. గుమ్మానికి ఇంకా నీలం రంగేనా?

ఎర్సీలియా

*

రోక్కమూటా గుడిలో, తలుపులు మూసుకుని,
సెప్టెంబరు 14.

అక్కా,

మూడు రోజులుగా నువ్వు నా ఇంట్లోనే ఉన్నావు, అయినా నీకు ఉత్తరం రాయాల్సి వస్తోంది. నిన్ను ఒంటరిగా చూస్తే ఒట్టు. ఊళ్ళో ఆడవాళ్ళంతా నీ చుట్టూ చేరి యాభై ఏళ్ళ బాకీ కబుర్లు తీర్చుకుంటున్నారు. నువ్వు పైకి వచ్చిన తీరు గురించి నేను రాయను. రాయబోతే కళ్ళు మసకేస్తున్నాయి. అది నువ్వే రాయి.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. పునీతుడి అంగీ కుడివైపు మడతలో పెడుతున్నాను. ఆయన మీ ఊరు చేరాక అంగీ ముద్దు పెట్టుకునే వంకతో తీసుకో. చదివి పొయ్యిలో వెయ్యి. పోస్టాఫీసు ఆవిడ క్షమించాలి.

చూశాను.

రెండు చీపురు కర్రలు, ఒక పిండి జల్లెడ. చేతుల్లేవు, చేతి తొడుగులున్నాయి, వాటినిండా పొట్టు. తల కాగితం గుజ్జు, జాతర ముసుగులు చేసేవాడి పనితనం. కుడి తొడుగులో ఒక ఎలుక కాపురం పెట్టింది. కాళ్ళ దగ్గర పట్టుగుడ్డలో మూట కట్టిన బొగ్గులు ఉన్నాయి. అవి బొగ్గులు కావు, కాలిన చెక్క అని కాసేపటికి తెలిసింది. ఎవరి చేతిలో కొవ్వొత్తి ఒరిగిందో, ఎప్పుడు ఒరిగిందో అడగను. అప్పట్నుంచి ప్రతి కరువులోనూ మీ ఊరు ఈ చీపురు కర్రలకే మొక్కింది. వాన మాత్రం పడుతూనే ఉంది.

నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. నువ్వు ఫిబ్రవరిలో పొట్టు గురించీ, చీపురు కర్ర గురించీ రాస్తే కోప్పడ్డాను. ఇన్నేళ్ళూ ఒక్కదానివే ఈ పొట్టు నింపుకుంటూ, ఎలుకల్ని తోలుకుంటూ ఉన్నావు.

ఎడమ చెయ్యి ఉందా, లేదా అని అడిగాను. ఉంది అక్కా. మన గాజు పెట్టెలో ఉంది. ఆయనలో మిగిలింది అదొక్కటే. మనం అరువిచ్చినదంతా కాలిపోయింది, తాకట్టు పెట్టుకున్నది మాత్రం దక్కింది. ఈ ముక్క బిషప్పు చెవిన వేస్తే రోక్కమూటా గెలుస్తుంది. మీ ఊరు మళ్ళీ తలెత్తుకోదు. నాలుక దురద పెట్టింది. కొరుక్కున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, వాచింది. నిన్నట్నుంచి నేను తక్కువ మాట్లాడుతున్నానని ఊరంతా దిగులు పడుతోంది. పంటి నొప్పి అని చెప్పాను.

పుచ్చిన కర్ర తీసేసి మన అడవి కర్ర పెట్టాను. పొట్టు మార్చాను. ఎలుకని బయటికి పంపాను. గాజు పెట్టెలోంచి చెయ్యి తెచ్చి అంగీలో ఎడమవైపు పెట్టి చూశాను. సరిపోయింది. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ తీసి పెట్టెలో పెట్టేశాను. తాకట్టు మన దగ్గరుంటేనే కదా ఆయన మళ్ళీ వచ్చేది. ఆయనకి గడ్డం లేదు, అదొక్కటే నాకు లోటు.

చరిత్రలో ఆ అధ్యాయం ఖాళీగా వదల్లేదు. రెండు వాక్యాలు రాశాను. 'కరువులో పునీతుణ్ణి పొరుగూరికి అరువిచ్చాము. ఆయన ఏనాడూ ఊరు వదిలి వెళ్ళలేదు.' ఈ రెండూ ఎలా కలుస్తాయిరా అని గెరార్దో అడిగాడు. భక్తి ఉంటే కలుస్తాయి అన్నాను. తల ఊపాడు.

తలుపు కొడుతున్నారు. ఆయన్ని తీసుకెళ్ళే వేళయింది. నిన్నూ.

ఓరెస్తే

*

ఫొంటెకూపా,
సెప్టెంబరు 29.

ఓరెస్తేకి,

నువ్వు పంపింది రావలసిన దారిలోనే వచ్చింది. పొయ్యి బాగా మండింది.

దోన్ ఎవరిస్తో పునీతుడి చుట్టూ తిరిగి చూసి, "ఈ ఏడాది ఆయన నిటారుగా నిలబడ్డాడే!" అన్నాడు. కొండగాలి అన్నాను. బిషప్పు కాగితం కూడా వచ్చింది. మీ గుడి తెరిచే ఉంటుంది. గంట మీకే. పొద్దున అది మోగితే ఇక్కడ కొందరు మొహం మాడ్చుకున్నారు. నేను కిటికీ తెరిచి పెట్టుకున్నాను. నువ్వు లిద్వినా పక్క చోట్లో గడ్డి పీకుతూ ఉండు, తొందరేమీ లేదు.

ఆ రోజు సంగతి నన్ను రాయమన్నావు. పోస్టాఫీసు ఆవిడ కూడా చివర తెలియాలంటోంది. రాస్తాను.

వంతెన మీద తాళాలు నీ చేతిలో పెట్టాను. మా పల్లకీ పునీతుడితో మెట్ల వైపు తిరిగింది, ఆయనతో పాటు నువ్వూ వెళ్ళావు. నేను తలెత్తి ఇల్లు చూశాను. గుమ్మం నీలంగానే ఉంది. చాలనుకుని గాడిద మొహం వెనక్కి తిప్పాను. మీ ఖాళీ పల్లకీ నా పక్కనే నిలబడి ఉంది.

"ఎక్కడికి పెద్దమ్మా?" అన్నాడు గెరార్దో.

"ఇంటికి నాయనా."

"ఇల్లు అటు కాదుగా," అని పైకి చూపించాడు. "ఎక్కు."

"తప్పురా, పునీతుడి పల్లకీ" అన్నాను.

"ఆయన వాళ్ళది ఎక్కాడుగా. ఇంటికి తిరిగొచ్చే మనిషిని ఎక్కిస్తామని మా తాతలు మొక్కుకుని చేసిన పల్లకీ ఇది. నువ్వు ఇంటికి తిరిగొచ్చే మనిషివి. ఎక్కు, వీళ్ళకి భుజాలు దురద పెడుతున్నాయి."

ఎక్కాను. పడిపోతానని భయమేసి కొమ్ము గట్టిగా పట్టుకున్నాను. ముందు చీపురు... ముందు పునీతుడు, వెనక నేను. మెట్ల మీద జనం ఆయనకి పూలు చల్లారు. నా దగ్గరికి వచ్చేసరికి పూలు అయిపోయి, వట్టి చేతులు ఊపారు. గుమ్మం దగ్గర దించారు. గడప తొక్కేముందు కాస్త ఆగాను. నాన్న ఏమీ అనలేదు.

నాకు ఏడుపొచ్చింది, కానీ దాని గురించి కాదు రాయాలనుకున్నది. మెట్లెక్కుతున్నంతసేపూ వింటూ ఉన్నాను. మీ ఎనిమిది మందిలో ఒక్కడూ మూలగలేదు. దిగాక గెరార్దోని అడిగాను, నేను బరువనిపించలేదా నాయనా అని. వాడు సగం గడ్డం మీది చెమట తుడుచుకున్నాడు.

"ఖాళీదే బరువు పెద్దమ్మా," అన్నాడు.

మేలో ఆయన మళ్ళీ బట్టలు మార్చుకోవడానికి వస్తాడు. నేనూ వస్తాను. పల్లకీ ఖాళీగా ఉంచండి.

మీ అక్క
ఎర్సీలియా